మూడు వాటాలు, ఒక బీరువా

ఒకే ఇంట్లో మూడు కుటుంబాలు అద్దెకున్నాయనుకోండి. గేటు ఒకటే, నీళ్ళ పంపు ఒకటే, కరెంటు తీగ ఒకటే. అయినా ఎవరి తలుపు వాళ్ళది, ఎవరి గోడరంగు వాళ్ళది, ఎవరి బీరువా వాళ్ళది. మధ్య వాటా అబ్బాయి చొక్కా వెనక వాటావాళ్ళ దండెం మీద కనబడిందంటే ఆ పూటకి అన్నం మెతుకు దిగదు ఎవరికీ. అలాంటి ఇళ్ళలో కాపురం చేసినవాళ్ళకి తెలుస్తుంది, మంచి ఇరుగుపొరుగంటే కలిసిపోవడం కాదు. ఒక కప్పు కింద ఉంటూ కలవకుండా ఉండగలగడం.

వెబ్బమ్మ చేసే పని సరిగ్గా అలాంటిదే. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, వెబ్‌సైట్లు కట్టే మనిషి కాబట్టి పెద్దాయన సరదాకి అలా పిలవడం మొదలెట్టాడు, అదే స్థిరపడిపోయింది. టైలరు కొట్టు పైన చిన్న గది ఆమె ఆఫీసు. కింద నుంచి కుట్టుమిషను చప్పుడు, కొత్తబట్ట వాసన. కిటికీ మీద రేకు పందిరి, వాన పడితే దాని మీద శనగలు పోసినట్టు మోత. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఎప్పుడూ చల్లారిపోయి ఉండే టీ. అంతే.

పెద్దాయన అంటే ఆమెకి అన్నిటికన్నా పెద్ద గిరాకీ. ఒకే ప్రహరీలో మూడు వ్యాపారాలు ఆయనవి. ముందు వీధి వైపు చంటిపిల్లల సంరక్షణ కేంద్రం. మధ్యలో పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ అద్దెకిచ్చే వేడుకల హాలు. వెనక వీధి వైపు, ఎవరైనా పోతే బండి, చల్లటి పెట్టె, మనుషులు అన్నీ ఏర్పాటు చేసే అంతిమయాత్ర సేవ. "ఉయ్యాల దగ్గర్నుంచి ఊపిరి ఆగేదాకా మా ప్రహరీ దాటక్కర్లేదు" అని ఆయనే జోకేసి, నవ్వేది కూడా తనే.

జోకులేసినా జాగ్రత్తపరుడు. మూడిటికీ మూడు వీధుల్లో మూడు గేట్లు పెట్టించాడు. లోపల ముందు నుంచి వెనకదాకా పొడుగాటి వసారా ఒకటి ఉంది గానీ, దాని మొదట్లోనూ, ఒక్కో హద్దు దగ్గరా, మొత్తం మూడు తలుపులు, ప్రతి తలుపుకీ తాళం. పిల్లలకి నల్ల బండి కనబడకూడదు. పెళ్ళివారికి ఫినాయిలు వాసన తగలకూడదు. ఏడుస్తున్నవాళ్ళకి బ్యాండు చప్పుడు వినబడకూడదు.

వెబ్‌సైట్లు కూడా అచ్చం అలాగే కట్టింది వెబ్బమ్మ. పునాది ఒకటే, పైన మూడు వాటాలు. పిల్లల సైటుకి పసుపు రంగు, బుడగలు. హాలు సైటుకి ఎరుపూ బంగారమూ. వెనక వాటాకి ఒక బూడిదరంగు థీము, అంటే పేజీల ముస్తాబు, అది ఆమె స్వయంగా రాసుకున్నది. అందులో పోయినవాళ్ళ జ్ఞాపకాల పేజీలుంటాయి. ఏ ఫోటో తెచ్చి పెట్టినా దాని రంగంతా హరించుకుపోయి తెలుపూ నలుపూ అయిపోతుంది, చుట్టూ సన్నటి నల్ల అంచు వచ్చేస్తుంది. అందులో రంగన్నది నిలవదు. ఎర్ర గులాబీ పెట్టినా బూడిదే.

ఇక ఫోటోలు. వాటికీ కంప్యూటరులో మూడు బీరువాలు. బీరువాలో పెట్టిన ప్రతి ఫోటోకీ ఒకటి నుంచి వరసగా ఒక నంబరు పడుతుంది, ఏ బీరువా లెక్క ఆ బీరువాదే. పేజీ గుర్తుపెట్టుకునేది ఆ నంబరునే. ముఖాన్ని కాదు. ఈ ఒక్క ముక్కా గుర్తుంచుకోండి, చాలు.

ఆమెకి పని నేర్పిన పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు, ముక్కుపొడుం పీలుస్తూ కంప్యూటరు నేర్పేవాడు, కీబోర్డు నిండా పొడుమే. ఆయన అనేవాడు, "అమ్మాయ్, గోడరంగులు కలిసిపోతే మళ్ళీ వేసుకోవచ్చు. బీరువాలు మాత్రం కలపకు. ఎవరి బొమ్మ ఎవరింట్లో తేలుతుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు."

కానీ విసుగనేది ఉందే, అది చదువుకున్నవాళ్ళని కూడా వదలదు. పెద్దాయన ప్రహరీ గోడ ఫోటో పంపినా, కొత్త బోర్డు ఫోటో పంపినా మూడు సైట్లలోనూ పెట్టమనేవాడు. ఒకే బొమ్మ మూడుసార్లు ఎక్కించాలి. ఆ వానాకాలం మధ్యాహ్నం, నిద్ర ముంచుకొస్తుంటే, వెబ్బమ్మ ఛీ అనుకుని మూడు బీరువాల్నీ కలిపి ఒక ఉమ్మడి బీరువా చేసేసింది. కోరి కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఆ క్షణాన మాత్రం పెద్ద బరువు దించుకున్నట్టు ఒళ్ళు విరుచుకుంది.

సాయంత్రం కాకుండానే చీకటి పడింది. వాన ఎక్కువైంది. ఫోన్ మోగింది.

"వెబ్బమ్మా! ఏం చేశావు తల్లీ? మొన్న మన హాల్లో పెళ్ళయిన కుర్రాడు ఫోన్ చేశాడు. 'నేనింకా బతికే ఉన్నానండీ' అని."

"అదేంటండీ?"

"అదే మరి. పెళ్ళి ఫోటోలో ఇద్దర్నీ తెలుపూ నలుపూ చేసి, నల్ల అంచు కట్టి కూర్చోబెట్టావు. కుర్రాడు ఒకటే ఏడుపు. వాళ్ళ మామగారు మాత్రం ఫర్వాలేదు, ఉంచండి అన్నాట్ట."

వెబ్బమ్మకి నవ్వాగలేదు. బీరువాలు కలిపినప్పుడు బూడిద థీము పక్క వాటాలోకి జారినట్టుంది. చిటికెలో సరిచేసింది. పెళ్ళికొడుకుకి రంగొచ్చింది, పెళ్ళికూతురికి ఎర్రచీర తిరిగొచ్చింది. మిగతావి ఎలా ఉన్నాయో చూద్దామని ఉమ్మడి బీరువా తెరిచి కిందికి జరుపుతుంటే, ఒక ఫోటో దగ్గర చెయ్యి ఆగింది.

ఎవరో ముసలావిడ. భుజాల మీద శాలువా. కళ్ళద్దాలకి ఒక పక్క కాడ బదులు దారం. ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు. వేళ మించిపోతోందే అన్న ఆదుర్దా ఒకటుంది, అంతే. ఎడమచెయ్యి పక్కకి చాచి ఉంది. ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు. ఆ ఎవరో లేరు. ఆవిడ మణికట్టు దగ్గరే ఫోటోని కత్తెరతో వంకరగా కత్తిరించేశారు.

"పెద్దాయనగారూ, ఈ శాలువా ఆవిడ ఎవరండీ? పేరు కూడా లేదు."

పెద్దాయన గొంతు తగ్గింది. "ఆవిడకి ఎవరూ లేరమ్మా. ఆసుపత్రివాళ్ళు మనకి అప్పగించారు. మనమే అంతా చేశాం. సంచిలో ఆ ఫోటో ఒక్కటే దొరికింది. అదే పెట్టించాను, పాపం, ఎవరైనా గుర్తుపడతారేమోనని."

"పక్కనున్న మనిషిని కత్తిరించేశారే?"

"ఏమో. నర్సు చెప్పింది... చివరిదాకా ఒకటే మాటట. 'బడి వదిలే వేళైంది, పిల్లని తీసుకురావాలి' అని. మంచం దిగబోయేదట. ఏ బడో, ఏ పిల్లో." పెద్దాయన మాట మార్చేశాడు. "సరేలే, వాన తగ్గేలోపు ఇంటికి పో."

ఫోన్ పెట్టేసి బల్ల సర్దుకుంటుంటే మళ్ళీ మోగింది. ఈసారి అత్తగారు.

"అమ్మాయ్, గోళీని నువ్వు తీసుకెళ్ళావా?"

గోళీ అంటే వెబ్బమ్మ కూతురు. నాలుగేళ్ళది. గుండ్రటి కళ్ళని చూసి తాతయ్య పెట్టిన ముద్దుపేరు. వాన ఉన్నా లేకపోయినా పసుపు రెయిన్‌కోటు వేసుకుని తిరిగే రకం. పగలంతా పెద్దాయన కేంద్రంలోనే ఉంటుంది, సాయంత్రం నాయనమ్మ వెళ్ళి తెస్తుంది.

"లేదత్తయ్యా. ఇవాళ మీరేగా."

"మరి ఇక్కడ ఈ కొత్త ఆయా, నాయనమ్మ వచ్చి తీసుకెళ్ళిందంటోంది! నాయనమ్మని నేనే కదమ్మా? పైగా నన్ను ఎగాదిగా చూసి, మీరెవరంటుంది! అరవయ్యేళ్ళుగా ఇదే ముఖం మోస్తున్నాను, ఎవరూ అడగలేదు ఇంతవరకూ!" కోపంగా మొదలైన గొంతు చివరికొచ్చేసరికి వణికింది. "అమ్మాయ్... పిల్ల లేదే ఇక్కడ..."

వెబ్బమ్మ మళ్ళీ కంప్యూటరు ముందుకి జరిగింది.

పిల్లల కేంద్రంలో ఇనుపకట్టు నియమం ఒకటుంది. ప్రతి పిల్లకీ సైటులో ఒక పేజీ. ఆ పిల్లని ఎవరెవరికి అప్పగించవచ్చో వాళ్ళ ఫోటోలు అందులో ఉంటాయి. వచ్చిన మనిషిని పలక లాంటి చిన్న కంప్యూటరులో ఉన్న ఫోటోతో పోల్చి చూసుకునే పంపాలి. ఏడ్చినా, బతిమాలినా, మాటలు నమ్మకూడదు. ఫోటోనే నమ్మాలి. పేజీ కట్టింది వెబ్బమ్మే. గోళీ పేజీలో నాయనమ్మ అన్నచోట అత్తగారి ఫోటో నంబరు నలభై ఒకటి అని పెట్టిందీ ఆమే.

గోళీ పేజీ తెరిచింది.

'నాయనమ్మ' అని రాసి ఉంది. పైన శాలువా. దారం కట్టిన కళ్ళద్దాలు. చాచిన చెయ్యి.

వెనక వాటా బీరువాలోనూ ఒక నలభై ఒకటి ఉండేది. మూడూ ఒకటయ్యాక ఆ నంబరు చెబితే పలికేది ఆవిడే. ఎవరూ ఏ మంత్రమూ వెయ్యలేదు. పసిబిడ్డని తీసుకుపోయే హక్కు చచ్చిపోయిన మనిషికి వెబ్బమ్మే స్వయంగా రాసిచ్చింది.

స్కూటరు ఎలా తీసిందో, ఏ వీధిలో ఎలా పోయిందో ఆమెకి తరవాత గుర్తులేదు. వీధుల్లో కరెంటు లేదు. కేంద్రం తలుపు దగ్గర అత్తగారు తడిసి ముద్దై నిలబడి ఉంది. ఆయా గోడకి ఆనుకుని ఏడుస్తోంది.

"మేడమ్, నేనొచ్చి నాలుగు రోజులే. నాకు ముఖాలు తెలీవు, ఫోటో చూడమన్నారు, చూశాను. కళ్ళద్దాలకి దారంతో సహా సరిపోయింది మేడమ్..."

"ఎటు వెళ్ళారు? ఏ వీధి?"

"వీధిలోకి కాదు మేడమ్. వీధి వైపు నుంచి రానేలేదు." ఆయా చెయ్యెత్తి లోపలి వసారా తలుపు వైపు చూపించింది. "అటు నుంచి వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు, అక్కడే నిలబడింది. తీసుకెళ్తున్నట్టు గుర్తుకి పలక మీద వేలితో నొక్కండమ్మా అన్నాను. ఎన్నిసార్లు నొక్కినా పలక పలకలేదు. ఆవిడ వేలు... చల్లగా ఉంది మేడమ్, తడిగా. నేనే ఆవిడ తరఫున నొక్కాను."

"ఆ తలుపుకి తాళం ఉంటుందిగా ఎప్పుడూ?"

"మధ్యాహ్నం నుంచీ తీసే ఉంది మేడమ్. మూడు తలుపులూ తీసే ఉన్నాయి. పెద్దాయనగారే తీయించారేమో అనుకున్నాం."

మధ్యాహ్నం నుంచి.

"అత్తయ్యా, మీరు వీధి తలుపు దగ్గరే ఉండండి. కదలకండి. ఆయమ్మా, పెద్దాయనకి ఫోన్ చెయ్యి." ఫోన్ దీపం వెలిగించి వెబ్బమ్మ వసారాలోకి అడుగుపెట్టింది.

ముందు పిల్లల వాసన. పాలు, మైనపు రంగులు, తడిసిన చిన్న చెప్పులు. గోడ మీద బుడగల బొమ్మలు దీపం వెలుగులో ఒక్కొక్కటే వచ్చి వెనక్కిపోతున్నాయి. మొదటి హద్దు తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం గొళ్ళేనికే వేలాడుతోంది, ఎవరో తాళంచెవితో తీసినట్టే, పద్ధతిగా. దాటింది. వేడుకల హాలు. ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీలు మనుషుల్లా నిలబడి ఉన్నాయి. వాడిన పూల వాసన. పైన ఎక్కడో నీటిచుక్క పడుతోంది. టప్. కాసేపాగి, టప్. కాళ్ళ కింద నేల తడిగా ఉంది. దీపం కిందికి దించింది.

అడుగులు. చిన్న చెప్పుల అడుగులు, వరసగా. పక్కన మరో అడుగుల వరస లేదు. పక్కన పొడుగ్గా ఒక తడి చార. ఏదో ఈడ్చుకుపోయినట్టు...

"గోళీ!"

టప్.

"గోళీ... అమ్మా, ఎక్కడున్నావే..."

వాడిన పూల వాసన పోయింది. ఫినాయిలు వాసన వచ్చింది. దాని వెనకాల ఇంకేదో. చల్లటిది. పాతది.

హాలు చివర, వెనక వాటాకి పోయే ఆఖరి తలుపు దగ్గర, పసుపు రంగు రెయిన్‌కోటు కనిపించింది.

గోళీ ఇటు తిరిగి నిలబడి ఉంది. ఒక కాలు గడపకి ఇవతల, ఒక కాలు అవతల. కుడిచెయ్యి పైకెత్తి, తలుపు అవతల చీకట్లోకి చాచి ఉంది. ఎవరి చెయ్యో పట్టుకుని రోడ్డు దాటబోయే పిల్లలా.

ఆ చెయ్యి చివర ఏముందో దీపం చూపించలేదు. దీపం అక్కడిదాకా పోయి ఆగిపోతోంది.

"ష్..." అంది గోళీ. "గట్టిగా అరవకమ్మా. నాయనమ్మకి వేళైపోతోందంట."

వెబ్బమ్మ ఒక్క అంగలో వెళ్ళి పిల్లని కౌగిలించుకుని వెనక్కి లాగింది. పిల్ల కదిలింది. చెయ్యి కదల్లేదు. గోడలో పాతినట్టుంది.

"లాగకమ్మా... నొప్పి..."

"వదలవే, ఆ చెయ్యి వదిలేసెయ్యి తల్లీ!"

"నేను పట్టుకోలేదమ్మా." గుండ్రటి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేనెప్పుడో వదిలేశాను."

చీకట్లో ఊపిరి వినబడలేదు. అదే భయం. ఇంత దగ్గరగా ఎవరో ఉన్నారు, ఊపిరి మాత్రం లేదు. పిల్ల భుజం మెల్లగా అటు సాగుతోంది. ఇవతల కాలు కూడా గడప మీదికొచ్చింది. వెబ్బమ్మ ఒక్కతి బలం చాలదు. ఇది బలంతో తెగే పేచీ కాదు. ఈ హక్కు ఎవరిచ్చారు? నేనిచ్చాను. ఇచ్చినదాన్ని నేనే వెనక్కి తీసుకోవాలి.

నేల మీద కూలబడింది. ఎడమచేత్తో పిల్ల నడుము బిగించి పట్టుకుని, కుడిచేత్తో ఫోన్‌లో పేజీ తెరిచింది. సిగ్నలు ఒక్క గీత. తెల్లటి తెర మీద చక్రం తిరుగుతోంది... తిరుగుతోంది...

పిల్ల ఒక అంగుళం జరిగింది.

పేజీ వచ్చింది. శాలువా ఆవిడ ఫోటో. 'తీసెయ్యి' నొక్కింది. 'నిజంగా తీసెయ్యాలా?' అని అడిగింది. తన సైటే, ఆ ప్రశ్న రాసిపెట్టింది తనే, పళ్ళు కొరుక్కుంటూ అవునంది. ఉమ్మడి బీరువాలో అత్తగారి ఫోటో వెతికింది. పెళ్ళికూతుళ్ళూ, బుడగలూ, పోయినవాళ్ళూ, పిల్లలూ అన్నీ కలగాపులగంగా పైకి పాకుతున్నాయి... దొరికింది. పెట్టింది. 'దాచు' నొక్కింది.

చక్రం తిరుగుతోంది.

"అమ్మా..."

తిరుగుతోంది.

"అమ్మా, నాయనమ్మ ఏడుస్తోంది..."

'మార్పు జరిగింది' అని పచ్చగా మెరిసింది.

ఉట్టి తెగినట్టు పిల్ల వెనక్కి వచ్చి ఆమె ఒళ్ళో పడింది. గడప అవతల ఎవరో కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి నడిచిన చప్పుడు. తొందర లేదు. మెల్లగా, మర్యాదగా... వేళ మించిపోయాక ఇంటికి పోతున్న మనిషిలా. తరవాత ఆ తలుపు దానంతటదే మూసుకుంది.

ఆ సాయంత్రమే, అత్తగారింట్లో వంటింటి గడప మీద కూర్చుని, గోళీని ఒళ్ళోంచి దించకుండానే, వెబ్బమ్మ మూడు బీరువాల్నీ విడదీసింది. పసుపు వాటా ఫోటోలు పసుపు వాటాకి. ఎరుపువి ఎరుపుకి. వెనకవి వెనక్కి. శాలువా ఆవిడ ఫోటోని చెరిపెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. జాలో, భయమో ఆమెకే తెలీదు. నల్ల అంచులో, తన చోట తనని కూర్చోబెట్టింది. పెద్దాయన మూడు తలుపులకీ కొత్త తాళాలు వేయించాడు. పాతవి ఎవరు తీశారని ఒక్కర్నీ అడగలేదు. గోళీని కేంద్రం మాన్పించారు. "పిల్ల దక్కింది, అదే పదివేలు" అంది అత్తగారు, ఆ రోజు నుంచి మనవరాలి చెయ్యి వదల్లేదు.

అంతా సర్దుకుంది. గోళీ ఎప్పటిలాగే గోల. ఒక్కటే చిన్న తేడా. ఆడుకునేటప్పుడు కుడిచేతి వేళ్ళు చల్లగా ఉన్నాయంటుంది. వానల్లో ఎవరికి ఉండవులే అంది అత్తగారు.

రోజూ పొద్దున్నే, పని మొదలెట్టే ముందు, వెబ్బమ్మ మూడు వాటాలూ ఒకసారి చూసుకుంటుంది. వెనక వాటా ఆఖర్న చూస్తుంది. శాలువా ఆవిడ అక్కడే ఉంది. దారం కట్టిన కళ్ళద్దాలు. ముఖంలో ఆ ఆదుర్దా మాత్రం ఇప్పుడు లేదు. చాచిన చెయ్యి. దాని పక్కన కత్తెర వంకర.

ఆ వంకర దగ్గర మొన్న గీతంత ఏదో కనబడితే తెర మీద మరకనుకుని తుడిచింది. నిన్న అది కొంచెం వెడల్పైంది. థీము చెడిందేమోనని పేజీలో ఉన్నవాళ్ళందర్నీ వరసగా చూసింది. అందరూ బూడిదే. ఎర్ర గులాబీ కూడా బూడిదే. తను రాసింది తనకి తెలుసు, అందులో రంగన్నది నిలవదు.

ఇవాళ పొద్దున కత్తిరించిన అంచు దాటి ఫోటో ఇంకాస్త సాగింది. ఆవిడ పిడికిట్లో, వేలెడంత, పసుపు రంగు.